యుద్ధభూమి డోలీ, మన్యం డోలీ

నేను విశాఖపట్నంలో చాలా ఏళ్ళపాటు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి. కొంతకాలం క్రిందట నా పాత విద్యార్థి ఒకడు దినపత్రిక పట్టుకుని మా యింటికి వచ్చాడు. పాడేరు వైపు ఒక కొండగ్రామంనుంచి నిండుచూలాలిని డోలీలో దింపుతున్న ఫోటో అందులో వుంది. పొడుగాటి కర్ర, దానికి వేలాడగట్టిన దుప్పటి, ముందొకరు, వెనకొకరు. ఇటువంటి ఫోటోలు మనకు కొత్తకాదు. ఏటా వానాకాలంలో రెండుమూడు చూస్తూనే వున్నాం.

“మాస్టారూ, సరిహద్దులో సిపాయికి దెబ్బ తగిలితే హెలికాప్టరు వస్తుంది. ఈమెకు మాత్రం మైళ్ళకొద్దీ కర్రమీదనే ప్రయాణం. డబ్బులేక యిలా జరుగుతున్నదా, మరేదయినా కారణం వుందా?” అని అడిగాడు.

పాలకవర్గాలకు ఆదివాసి ప్రాణం లెక్కలేదని చెప్పి పంపించవచ్చు. అది అబద్ధం కాదు. కాని అది తీర్పేగాని చరిత్ర కాదు. సిపాయికి హెలికాప్టరు ఎలా వచ్చింది? ఒకప్పుడు సిపాయీ డోలీలోనే కదా ప్రయాణం చేసింది? అతని డోలీ మారడానికి ఏమేమి జరిగింది? మన్యం డోలీ మారకపోవడానికి ఏమేమి జరగలేదు? ఈ ప్రశ్నలు నన్ను సైన్యవైద్యం చరిత్రలోకి లాక్కుపోయాయి. అక్కడ నాకు కనిపించినదాన్ని మిత్రుల ముందు పెడుతున్నాను.

సైన్యవైద్యం అనగానే మనలో చాలామంది ముఖం చిట్లిస్తారు. మనిషిని బాగుచేసి తిరిగి తుపాకి పట్టించడమే దాని పరమార్థం, అందులో మనం నేర్చుకునేదేముందంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనేవాణ్ణి. లక్ష్యం విషయంలో ఆ మాట నిజమే. కాని ఒక పద్ధతి ఎవరి అవసరంకోసం పుట్టిందన్నది ఒక ప్రశ్న, అది ఎవరికి ఉపయోగపడగలదన్నది మరొక ప్రశ్న. రైలును కంపెనీ దొరలు తమ అవసరానికి వేసుకున్నారు. అంతమాత్రాన మనం రైలెక్కడం మానలేదు.

1

గాయపడినవాడి ప్రాణం అన్నిటికన్నా ముందు వైద్యుడి నేర్పు మీద ఆధారపడదు. వాడు పడినచోటికీ, వైద్యుడు నిలబడినచోటికీ మధ్యనున్న దూరం మీద ఆధారపడుతుంది. రక్తం కారుతున్నవాడికి లండన్ పట్టాలున్న సర్జను పదిమైళ్ళ అవతల వుంటే లేనట్టే. కాబట్టి సైన్యవైద్యం అంటే ముందుగా ఒక గొలుసు. పడినచోటనే కట్టుకట్టేవాడు, అక్కడినుంచి రెజిమెంటు వైద్యుడి దగ్గరకు మోసేవాళ్ళు, అక్కడినుంచి బండి, ఆ బండి చేరే క్షేత్రవైద్యశాల, దానికి వెనక పెద్ద ఆస్పత్రి. ప్రతి మజిలీలోనూ ఒక నిర్ణయం జరగాలి: ఎవరిని ముందు చూడాలి, ఎవరిని వెంటనే పంపాలి, ఎవరిని కదపకూడదు.

1792 తర్వాత ఫ్రెంచి విప్లవసేనల్లో పనిచేసిన లారే అనే సర్జను ఈ విషయం గ్రహించాడు. అంతకుముందు అంబులెన్సులు యుద్ధభూమికి చాలా దూరాన వుండి, యుద్ధం ముగిశాక కదిలేవి. ఆయన తేలికపాటి గుర్రపుబండ్లను పోరు జరుగుతుండగానే ముందుకు నడిపించాడు. హోదాతో నిమిత్తం లేకుండా గాయం తీవ్రతనుబట్టి వరస నిర్ణయించాలన్నాడు. ఇది వైద్యసూత్రమేకాదు, విప్లవకాలపు సమానత్వ సూత్రం కూడా.

లారే చూడని చిక్కు ఒకటి అమెరికా అంతర్యుద్ధంలో తేలింది. 1862 ఆగస్టు చివర బుల్‌రన్ దగ్గర జరిగిన రెండో యుద్ధంలో గాయపడినవాళ్ళు రోజులతరబడి మైదానంలోనే పడివున్నారు. సర్జన్లు లేకకాదు. బండ్లు సరఫరాశాఖ అధికారి చేతిలో వుండేవి, వైద్యాధికారి మాట బండివాడు వినేవాడు కాదు. ఫిరంగి మోగగానే కొందరు బండివాళ్ళు పారిపోయారు కూడా. అదే సమయంలో పోటోమాక్ సేన వైద్యాధిపతి లెటర్‌మన్ ఒక ఏర్పాటు చేశాడు. బండ్లూ, గుర్రాలూ, మోసేవాళ్ళూ అంతా వైద్యశాఖ ఆజ్ఞకింద పనిచేసే ప్రత్యేక దళంగా మారారు. మోసేవాళ్ళకు శిక్షణ యిచ్చారు. సెప్టెంబరు 17న ఆంటిటం దగ్గర భయంకరమైన పోరు జరిగితే, ఆయన సేన ఆధీనంలోని భూమిమీద పడివున్న క్షతగాత్రులను మరునాటికల్లా తరలించగలిగారు. మూడు వారాల్లో వైద్యవిజ్ఞానం ఏమీ పెరగలేదు. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి ఆ సర్జన్లకు తెలియనేతెలియదు. మారిందల్లా బండి ఎవరి మాట వినాలన్నదే.

ఈ ఒక్క ప్రశ్న చేతబట్టుకుని మన దేశపు చరిత్రలోకి వద్దాం.

2

ఈస్టిండియా కంపెనీ 1764లో బెంగాలులో తన సైన్యానికి క్రమబద్ధమైన వైద్యశాఖను ఏర్పరచింది. మద్రాసు, బొంబాయి శాఖలు తర్వాత వచ్చాయి. విశాఖపట్నం మద్రాసు సైన్యం పరిధిలోది. 1896లో మూడింటినీ కలిపి ఒకే ఇండియన్ మెడికల్ సర్వీసు, అనగా మనవాళ్ళు ఐ.ఎమ్.ఎస్. అనేది, నెలకొల్పారు. 1855 నుంచి దీనికి పోటీపరీక్ష పెట్టారు, భారతీయులూ రాయవచ్చన్నారు. కాని పరీక్ష లండన్‌లో. సముద్రం దాటి వెళ్ళగలిగినవాళ్ళు ఎందరు?

ఆ వైద్యశాఖ మూడంతస్తుల మేడ. పై అంతస్తులో కమిషనున్న ఆఫీసర్లు. మధ్య అంతస్తులో అసిస్టెంటు సర్జన్లు, హాస్పిటల్ అసిస్టెంట్లు, కాంపౌండర్లు. మద్రాసులాంటిచోట్ల చదువుకుని, అసలు పనంతా చేస్తూ, చివరిదాకా ‘సబార్డినేటు’ అనే పేరుతోనే మిగిలిన వాళ్ళు. నేల అంతస్తులో నీళ్ళుమోసేవాళ్ళు, పాకీపనివాళ్ళు, డోలీ మోసేవాళ్ళు.

రోగులకూ అంతస్తులున్నాయి. తెల్ల సిపాయికి స్టేషను ఆస్పత్రి, మంచం, పరుపు, పథ్యం ప్రభుత్వమే సమకూర్చేది. నల్ల సిపాయికి రెజిమెంటు ఆస్పత్రి, అక్కడ తిండీ బట్టా తన జీతంలోనే చూసుకోవాలి. భారతీయ సిపాయిలకు స్టేషను ఆస్పత్రులు 1918లోగాని రాలేదు. ఒకే యుద్ధంలో, ఒకే శత్రువు గుండు తిన్న యిద్దరికి రెండు రకాల మంచాలు!

ఇక డోలీ. ఈ మాట దొరల నిఘంటువుల్లోకి మన దేశంనుంచే పోయింది. పార్లమెంటులో ఒక పెద్దమనిషి డోలీలంటే ఏదో క్రూరజాతి అనుకుని, అవి కొండలమీదనుంచి దిగివచ్చి గాయపడినవాళ్ళను ఎత్తుకుపోయాయని ఆవేశంగా ఉపన్యసించాడని ఒక హాస్యకథ కూడా ప్రచారంలో వుంది. వాళ్ళు నౌకరును పిలిచే ‘బాయ్’ అనే మాటకు, మద్రాసు ప్రాంతంలో పల్లకీ మోసేవాళ్ళ విషయంలో, మన ‘బోయీ’ కూడా మూలమని ఆ నిఘంటుకారులే రాశారు. తరతరాలుగా జమీందారును మోసిన భుజాలనే కంపెనీ సైన్యం తన క్షతగాత్రులను మోయడానికి వాడుకుంది. ఆయుధం వుండదు, సిపాయి హోదా వుండదు, పింఛను మాట అసలే వుండదు. కాని గుండు మాత్రం సిపాయికీ బోయీకీ తేడా చూడదు.

ఈ మేడలోని మనుషులు ఎలా బతికారో చూపే ఉదాహరణ ఒకటి మన తెలుగునేలమీదనే వుంది. రొనాల్డ్ రాస్ ఐ.ఎమ్.ఎస్. ఆఫీసరు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదు బేగంపేటలో ఒక దోమ పొట్టలో మలేరియా క్రిమి జాడ కనుక్కున్నాడు. దోమకు ఒక అణా చొప్పున కూలి తీసుకుని తన ఒంటిని కుట్టించుకున్నవాడు హుసేన్‌ఖాన్ అనే రోగి. రాస్ నోబెలు బహుమానం పొందాడు. హుసేన్‌ఖాన్‌కు దక్కింది పది అణాలు. అంతేకాదు, ఆవిష్కారం జరిగిన కొద్ది వారాలకే సైన్యం రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసి, పరిశోధనను నెలలతరబడి ఆపించింది. వైద్యుడు ఏం చేస్తున్నాడో తెలియని అధికారి చేతిలో వైద్యుడి బదిలీ వుంటే జరిగేది యిదే.

3

మన జిల్లావాళ్ళ భుజాలు మోసిన బరువు బాగా తెలియాలంటే దక్షిణాఫ్రికా పోవాలి. 1860 నుంచి 1911 వరకు నేటాలుకు పోయిన ఒప్పందకూలీలు 1,52,184 మంది. అందులో ఎక్కువమంది మద్రాసు రేవునుంచి ఓడెక్కారు. ఆ మద్రాసువాళ్ళలో విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువాళ్ళు చెప్పుకోదగిన సంఖ్యలో వున్నారు. కరువుకు తాళలేక, కమీషన్ ఏజెంట్ల మాట నమ్మి, చెరకు తోటల్లో అయిదేళ్ళ ఒప్పందానికి వేలిముద్ర వేసినవాళ్ళు.

1899లో బోయరు యుద్ధం వచ్చింది. గాంధీగారు నేటాలు భారతీయులతో ఒక అంబులెన్సు దళం ఏర్పరచారు. సుమారు 1,100 మంది. అందులో చదువుకున్న స్వేచ్ఛాజీవులు కొందరే, అధికభాగం యజమానులు పంపించిన ఒప్పందకూలీలు. డాక్టరు బూత్ అనే క్రైస్తవ గురువు వాళ్ళకు తర్ఫీదు యిచ్చాడు. డిసెంబరు 15న కొలెంజో దగ్గర, 1900 జనవరిలో స్పియన్‌కాప్ దగ్గర బ్రిటిషు సేన చావుదెబ్బ తిన్నది. కాల్పుల హద్దులోకి వెళ్ళనక్కరలేదని దళానికి మొదట మాట యిచ్చినా, స్పియన్‌కాప్ తర్వాత ఆ హద్దు నిలవలేదు. స్ట్రెచరు భుజానికెత్తుకుని రోజుకు ఇరవై, ఇరవైఅయిదు మైళ్ళు నడిచిన రోజులున్నాయి. జనరల్ వుడ్‌గేట్‌ను అలా మోసుకువచ్చింది ఈ దళమే.

యుద్ధానంతరం సేనాని బుల్లర్ తన నివేదికలో దళాన్ని మెచ్చుకున్నాడు. పతకాలు యిచ్చారు. ఎందరికి? 37 మందికి. వాళ్ళంతా నాయకులు. ఈ సంఖ్య గాంధీగారే రాసుకున్నారు. తక్కిన వెయ్యిమంది తిరిగి చెరకుతోటల్లోకి పోయారు. వాళ్ళలో శ్రీకాకుళం వాడెవడు, అనకాపల్లి వాడెవడు, భీమిలి వాడెవడు, మనకు పేరుపేరునా చెప్పే పుస్తకం లేదు.

గాంధీగారిని తప్పుపట్టాలని నేనీ సంగతి ఎత్తలేదు. ఆయన ఆ దళాన్ని నడిపినతీరు, కులీనేగాని ఆఫీసరునేగాని ఒకే చేత్తో చూసినతీరు ఆనాటికి గొప్పదే. నా ప్రశ్న సంస్థ గురించి. పతకం నాయకుడిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే సైన్యవైద్యం రికార్డుల్లో మోసేవాడు మనిషి కాదు, రవాణా. కంచరగాడిద ఏ పద్దులో వుంటుందో అతనూ ఆ పద్దులోనే వుంటాడు.

4

ఈ పద్దు రాసే పద్ధతి ఎంతటి విపత్తు తెస్తుందో 1915లో మెసపొటేమియాలో బయటపడింది. ఆ దండయాత్రను నడిపింది ఇండియా ప్రభుత్వం. ఖర్చు తగ్గించాలన్నది దాని పట్టుదల. టైగ్రిస్ నదిమీద ఆస్పత్రి పడవలు తగినన్ని లేవు. ఉన్న పడవలు సామాను మోస్తూ వచ్చి తిరుగుప్రయాణంలో క్షతగాత్రులను ఎక్కించుకుపోయేవి. నవంబరులో టెసిఫోను దగ్గర వేలమంది గాయపడ్డారు. స్ప్రింగులు లేని బండ్లలో ఎముకలు విరిగినవాళ్ళను నదిదాకా కుదుపుకుంటూ తెచ్చారు. మెజిదియే అనే పడవ వందలమందితో రోజులతరబడి ప్రయాణించి బస్రా చేరింది. దూరంనుంచి చూస్తే దాని పక్కలకు తాళ్ళు వేలాడుతున్నట్టు కనిపించాయనీ, దగ్గరికి వచ్చాక అవి గడ్డకట్టిన మలమనీ మేజర్ కార్టర్ అనే ఐ.ఎమ్.ఎస్. డాక్టరు విచారణలో సాక్ష్యమిచ్చాడు. కదలలేని మనుషులను డెక్కుమీద అలాగే వదిలేశారన్నమాట.

దీనికి వైద్యశాఖ ప్రధానాధికారి ఏమన్నాడు? పైవాళ్ళకు అంతా సక్రమంగానే వుందన్న ధోరణిలో నివేదికలు పంపాడు. నిజం చెప్పిన కార్టర్‌కు అదుపులో పెడతామన్న బెదిరింపు దక్కింది. 1917లో విచారణసంఘం నివేదిక వెలువడింది. లండన్‌లో ఇండియా మంత్రి చాంబర్లేన్ రాజీనామా చేశాడు. తెల్ల సిపాయిల తల్లిదండ్రులు ఓటర్లు కాబట్టి అంతమాత్రమయినా జరిగింది. అదే డెక్కుమీద పడుకున్న నల్ల సిపాయి తల్లిదండ్రులు ఏ పార్లమెంటును అడగాలి?

ఇక్కడొక విషయం గమనించాలి. సైన్యవైద్యానికి నాయకుడయినవాడికి ఇద్దరు యజమానులుంటారు. ఒకరు సేనాని, రెండోవారు రోగి. సేనానికి కావలసింది కదిలే సైన్యం, రోగికి కావలసింది నిలిచే ప్రాణం. ఈ రెండూ ఢీకొన్నప్పుడు రోగి తరఫున నోరువిప్పి, పడవలు చాలవు, ఈ దాడికి మేము సిద్ధంగా లేమని ముఖంమీద చెప్పగలిగినవాడే వైద్యనాయకుడు. చెప్పలేనివాడు ఎన్ని చిహ్నాలు భుజాన తగిలించుకున్నా గుమాస్తాయే.

5

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1923లో విశాఖపట్నంలో వైద్యకళాశాల వెలిసింది. ఆ తర్వాత అదే ఆంధ్ర వైద్యకళాశాల అయింది. మన కింగ్ జార్జి ఆస్పత్రి కూడా ఆ కాలంనాటిదే. కళాశాల తొలి ప్రిన్సిపాలు పేరు ముందు ‘డాక్టరు’ అనికాదు, ‘కెప్టెన్’ అని వుంటుంది. ఆయన ఐ.ఎమ్.ఎస్.కు చెందిన కెప్టెన్ ఆండర్సన్. ఊరి ఆస్పత్రికీ, చదువులకూ సైనికుడెందుకు? ఐ.ఎమ్.ఎస్. నియమమే అది. శాంతికాలంలో ఆఫీసర్లను జిల్లా ఆస్పత్రుల్లో, కళాశాలల్లో వుంచడం, యుద్ధం రాగానే రెజిమెంటుకు పిలిపించుకోవడం. 1914లో అలాగే పిలిపించారు. జనంకోసం పెట్టిన పదవి సైన్యానికి నిలవ సరుకన్నమాట. మన సర్కారు ఆస్పత్రుల్లో కనిపించే దర్పం, హోదాల వరస, రోగిని వరండాలో నిలబెట్టి ఆజ్ఞాపించే గొంతు కొంతవరకయినా ఈ బారకాసు వారసత్వమేమోనని నాకు అనుమానం.

ఆస్పత్రి తెరిచిన మరుసంవత్సరమే మన్యంలో ఒక పోరాటం ముగిసింది. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద దాడిచేసి ఆరంభించిన తిరుగుబాటు, 1924 మే 7న ఆయనను కాల్చిచంపడంతో ఆరిపోయింది. మన్యం జ్వరానికి మైదానపు సేనలు జంకాయి. చివరికి అడవికీ కొండకీ అలవాటుపడ్డ అస్సాం రైఫిల్సును రప్పించారు.

ఆ తిరుగుబాటుకు ఒక ముఖ్యకారణం రోడ్డు. నర్సీపట్నంనుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వేసిన రోడ్డుమీద గిరిజనులచేత వెట్టిచేయించి, రావలసిన కూలి ఎగవేసిన గూడెం తహసీలుదారు బాస్టియన్ పేరు చరిత్రలో నిలిచిపోయింది. అంటే మన్యానికి రోడ్డు రాకపోలేదు. కలపకోసం వచ్చింది, కప్పంకోసం వచ్చింది, తుపాకికోసం వచ్చింది. రోగికోసం మాత్రం రాలేదు. ఎక్కడ ఏది కావాలో దొరలకు తెలియక జరిగిన పొరపాటు కాదిది. రోడ్డు ఏ శాఖ చేతిలో వుంటే ఆ శాఖ అవసరమే రోడ్డు దారిని నిర్ణయిస్తుంది. బుల్‌రన్ దగ్గర బండి సంగతీ, టైగ్రిస్ మీద పడవ సంగతీ, చింతపల్లి రోడ్డు సంగతీ ఒకటే.

6

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పారిపోయింది. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. యుద్ధం మన గుమ్మంలోకి వచ్చిందని పెద్దలు చెప్పుకోగా నేను విన్నాను.

తూర్పుదిక్కున బర్మా సరిహద్దులో ఆ సమయంలో సైన్యాన్ని గుండుకంటె దోమ ఎక్కువగా పడగొట్టింది. 1943లో ఒక్క క్షతగాత్రుడికి 120 మంది రోగులు చొప్పున వెనక్కు పంపవలసివచ్చిందని సేనాని స్లిమ్ రాశాడు. ఆయన చేసిన మార్పులు ఏమిటి? జ్వరం వచ్చినవాణ్ణి వందలమైళ్ళ వెనక్కు పంపకుండా, యుద్ధరేఖ వెనకనే చికిత్సాకేంద్రాలు పెట్టించడం. గాయపడినవాళ్ళను విమానాల్లో తరలించడం. మెపక్రిన్ మాత్ర మింగించే బాధ్యతను డాక్టరుమీద కాక, ఆ దళం నడిపే ఆఫీసరుమీద పెట్టడం. మాట వినని ముగ్గురు దళనాయకులను పదవులనుంచి తొలగించడంతో మిగిలినవాళ్ళు దారికి వచ్చారు. వ్యాధినివారణ వైద్యుడి పనికాదు, అధికారం వున్నవాడి పని అన్నది ఈ పాఠం. ఊళ్ళో మురికికాలువ శుభ్రంచేయించని అధికారిని మలేరియా లెక్కకు జవాబుదారీ చేసిన పురపాలకసంఘం మన రాష్ట్రంలో ఎక్కడయినా వుందేమో పాఠకులే చెప్పాలి.

స్లిమ్ నడిపింది సామ్రాజ్యసైన్యం. మరోపక్క చైనాలో జపానును ఎదిరిస్తున్న ఎనిమిదో మార్గసేనకు బండ్లూ విమానాలూ ఏవీ లేవు. కెనడానుంచి వచ్చిన నార్మన్ బెథూన్ శస్త్రచికిత్స సామగ్రిని కంచరగాడిదల మీద కట్టించి, క్షతగాత్రుడు వచ్చేదాకా ఆగకుండా తానే వాళ్ళ దగ్గరకు వెళ్ళాడు. రైతుబిడ్డలకు నర్సులుగా, డ్రెస్సర్లుగా చదువు చెప్పాడు. 1938లో మన దేశంనుంచి అయిదుగురు డాక్టర్ల బృందం ఆ యుద్ధానికి వెళ్ళింది. వాళ్ళలో షోలాపూరు కోట్నీసు, బెథూన్ పేరిట వెలసిన ఆస్పత్రికి నాయకత్వం వహించి, 1942 డిసెంబరు 9న అక్కడే కన్నుమూశాడు. వాహనం లేనప్పుడు వైద్యం ముందుకు నడిచింది. మోసే రైతు ఆ సైన్యంలో పద్దు కాదు, రేపటి వైద్యసహాయకుడు. మన మేడకూ ఆ గుడిసెకూ తేడా యిది.

మన సైన్యమూ మారకపోలేదు. 1943 ఏప్రిల్ 3న పాత అంతస్తులను కలిపి ఒకే వైద్యదళం చేశారు. ఐ.ఎమ్.ఎస్. 1947లో అంతరించింది. బి.సి. రాయ్ సంఘం సిఫారసుమీద పదాతి, నౌకా, వైమానిక వైద్యశాఖలను ఒకే అధిపతికిందికి తెచ్చారు. 1950లో కొరియా యుద్ధానికి నెహ్రూ ప్రభుత్వం తుపాకులు పంపలేదు, కల్నల్ రంగరాజు నాయకత్వాన ఒక క్షేత్రవైద్యదళాన్ని పంపింది. ప్యాంగ్‌యాంగ్‌నుంచి అంతా వెనక్కు పోతూవుంటే వీళ్ళకు వాహనాలు లేవు. సామగ్రి తగలబెట్టి రమ్మంటే మనసొప్పక, వదిలేసిన పాత రైలింజను వెతికి, బకెట్లతో నీళ్ళు నింపి, తామే నడుపుకుంటూ వంతెన కూల్చేలోపల నది దాటారు. బండి ఎవరి మాట వినాలో ఆ దళం తానే తేల్చుకుంది.

7

నా విద్యార్థి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. సిపాయి డోలీ హెలికాప్టరు కావడానికి డబ్బొక్కటే కారణం కాదు. వందేళ్ళపాటు ఓడిపోయిన యుద్ధాలు, బయటపడిన నివేదికలు, రాజీనామాలు కలిసి మూడు సూత్రాలను స్థిరపరచాయి. గాయపడినచోటినుంచి ఆస్పత్రిదాకా దారంతా ఒకే బాధ్యత. ఆ దారిమీది వాహనం వైద్యుడి మాట వినాలి. మోసేవాడు సంస్థలో సభ్యుడు.

మన్యంలో ఈ మూడూ లేవు. గర్భిణి ఇంటిదగ్గరినుంచి రోడ్డుదాకా ఎవరి బాధ్యత? ఆస్పత్రి గుమ్మందగ్గర వైద్యశాఖ బాధ్యత మొదలవుతుంది. తారురోడ్డుదగ్గర అంబులెన్సు బాధ్యత మొదలవుతుంది. దానికి పైనున్న కాలిబాట అటవీశాఖదా, పంచాయతీదా, రోడ్లశాఖదా అని దస్త్రాలు తిరుగుతూ వుంటాయి. దస్త్రం తిరిగినంతసేపూ ఆమె బరువు భర్తదీ, మరుదులదీ, ఇరుగుపొరుగుదీ. 2018 నుంచి బైకు అంబులెన్సులు వచ్చాయి, మంచిదే. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా సీతారామరాజు పేరిటనే జిల్లా ఏర్పడింది, అదీ సంతోషమే. కాని బైకు పోలేని బాట మిగిలినంతకాలం డోలీ మిగులుతుంది.

ఈ గొలుసు సమస్య కొండలకే పరిమితం కాదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో పాలిమర్స్ కర్మాగారం విషవాయువు వదిలినప్పుడు రోడ్లమీద పడిపోయినవాళ్ళను మొదట భుజాన వేసుకున్నది పక్కింటి కుర్రవాళ్ళూ, పోలీసులూ. ఆరోజు ఒకేసారి పలువురికి ప్రాణవాయువు అందించే పరికరాలను నౌకాదళం కింగ్ జార్జి ఆస్పత్రికి పంపింది. సైన్యపు పద్ధతి పౌరుడికి ఉపయోగపడగలదనడానికి అంతకంటె రుజువు అక్కరలేదు. కాని అది ఆపద్ధర్మంగా వచ్చింది, హక్కుగా రాలేదు. పోర్టులోనూ ఉక్కు కర్మాగారంలోనూ పర్మనెంటు కార్మికుడికీ కాంట్రాక్టు కూలీకీ వైద్యంలో వుండే తేడా చూసినప్పుడల్లా నాకు ఆ పాత రెజిమెంటు ఆస్పత్రీ, స్టేషను ఆస్పత్రీ జ్ఞాపకం వస్తాయి.

సైన్యం ఈ సూత్రాలను మానవత్వంతో నేర్చుకోలేదు. మనిషి పోతే యుద్ధం పోతుందన్న లెక్క నేర్పింది. మన్యం మనిషి పోతే ఏ యుద్ధమూ ఓడిపోనని అనుకునే ప్రభుత్వం ఆ లెక్క తనంతట వేసుకోదు. ఆ లెక్కను వేయించవలసింది విద్యార్థులు, ఉపాధ్యాయులు, వైద్యులు, గిరిజనసంఘాలు. రోడ్డు కావాలని మాత్రం అడిగితే, రోడ్డు వస్తుంది, ఎవరికోసమో వస్తుంది. గడపనుంచి మంచందాకా ఒకే అధికారి జవాబుదారీ కావాలనీ, మోసేవాడికి తర్ఫీదూ కూలీ హోదా కావాలనీ అడగాలి.

నా విద్యార్థి ఆ పత్రికను మా యింట్లోనే వదిలిపెట్టి వెళ్ళాడు. ఫోటో క్రింద రాసిన వ్యాఖ్యలో ఊరిపేరు వుంది, మండలం పేరు వుంది, ఆస్పత్రి పేరు వుంది. మోస్తున్న యిద్దరి పేర్లూ లేవు. స్పియన్‌కాప్ తర్వాత నూటఇరవై ఏళ్ళు దాటాయి.